ఇక్కణ్ణుంచి హైదరాబాద్‌కి ఎవరూ వెళ్లరు

మా ఊరి లైబ్రరీ కింది అంతస్తులో ఒక మీటింగ్ గది ఉంది. మార్చిలో ఒక శనివారం పొద్దున అక్కడ విమానాశ్రయం వాళ్లు సమావేశం పెట్టారు. మాది చిన్న విమానాశ్రయం. అమెరికాలోనే ఉన్న నాలుగైదు పెద్ద ఊళ్లకు తప్ప అక్కణ్ణుంచి ఎక్కడికీ విమానాలు లేవు. ఇప్పుడొక సంస్థ ఇక్కణ్ణుంచి నేరుగా యూరప్‌కు విమానం నడపాలని ఆలోచిస్తోందనీ, అది వస్తే మధ్యలో ఒక్కసారి మారి హైదరాబాద్ చేరవచ్చనీ, అయితే ఎక్కేవాళ్లు ఉన్నారని ముందు చూపించాలనీ నోటీసులో ఉంది. పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆ నోటీసు చూశాను. నా భార్య పోయి అప్పటికి ఏడు నెలలు.

వచ్చినవాళ్లలో సగానికి పైగా మనవాళ్లే. యూనివర్సిటీలో ఎమ్మెస్ చదివే పిల్లలు, హాస్పిటల్లోనూ ట్రాక్టర్ల కంపెనీలోనూ పనిచేసే కుటుంబాలు. విమానాశ్రయం తరఫున వచ్చిన ఆఫీసరు ఒకావిడ తెర మీద ఒక పటం చూపించింది. మా ఊరి నుంచి ఏ ఊరికి ఎంతమంది వెళుతున్నారో గీతల్లో ఉంది. హైదరాబాద్ పేరు పక్కన గీత కనిపించలేదు.

"మా లెక్క ప్రకారం ఇక్కణ్ణుంచి హైదరాబాద్‌కి దాదాపు ఎవరూ వెళ్లరు" అందావిడ.

గదిలో నవ్వులు లేచాయి. నా పక్కన మా ఎదురింటావిడ కూర్చుంది. నల్లగొండ మనిషి. నా భార్యను వదినా అని, నన్ను అన్నా అని పిలుస్తుంది. "మరి డిసెంబర్‌ల మనమందరం యాడికి పోతున్నమట? చంద్రమండలానికా?" అంది, అందరికీ వినిపించేలాగే.

ఆఫీసరు మా నవ్వులు ఆగేదాకా ఆగి, గత రెండేళ్లలో ఇండియా వెళ్లివచ్చినవాళ్లను చేతులెత్తమంది. మనవాళ్లందరూ ఎత్తారు. ఎక్కణ్ణుంచి ఎక్కారంటే చికాగో అన్నారు. చికాగో మాకు కారులో నాలుగు గంటలు. అక్కడిదాకా ఎలా వెళ్లారు అని అడిగింది. తలలన్నీ నా వైపు తిరిగాయి.

"ఆంటీ డ్రైవ్ చేసేవారు" అంది వెనకనుంచి ఒకమ్మాయి.

నిజమే. పన్నెండేళ్లపాటు ఈ ఊరి నుంచి ఇండియా వెళ్లే మనవాళ్లలో చాలామందిని మా ఏడు సీట్ల వ్యాన్‌లో చికాగో తీసుకెళ్లింది నా భార్య. ఆమెకు డ్రైవింగ్ ఇష్టం. నాకు ఎడమ కన్ను సరిగా కనిపించదు. పగటిపూట ఊళ్లో నడుపుతాను గాని హైవే ఎక్కను. బండిలో చోటు మిగిలితే ఒక పుస్తకం పట్టుకుని వెనక సీట్లో కూర్చునేవాణ్ణి. మిగలకపోతే ఇంట్లో ఉండేవాణ్ణి.

ఆఫీసరు లెక్క ఎలా కడతారో చెప్పింది. టికెట్ ఏ విమానాశ్రయంలో మొదలైతే ఆ ప్రయాణికుడు ఆ ఊరివాడి కిందే జమ. మా టికెట్లన్నీ చికాగోలో మొదలవుతాయి కనుక మేం చికాగో వాళ్లం. కొన్న కార్డు చిరునామా చూసి కూడా కొంత పసిగట్టవచ్చట. కానీ మా పిల్లల టికెట్లు అమీర్‌పేటలో ఏజెంటు దగ్గర నాన్నలు కొంటారు, లేదా న్యూజెర్సీలో ఉన్న బాబాయి కొడుకు తన కార్డు మీద బుక్ చేస్తాడు. ఆ దారిలోనూ మేం దొరకం.

నేను సాధారణంగా సభల్లో మాట్లాడను. ఆ రోజు అడిగాను. ఒకే మనిషి అందర్నీ చికాగోకి చేరవేస్తూ ఉంటే, మీ కాగితాల మీద ఈ ఊళ్లో ప్రయాణికులే ఉండరన్న మాటేనా?

"అంతే. దానికి ఒక మంచి పొరుగు మనిషి చాలు" అందావిడ. నేను ఎవరి గురించి అడుగుతున్నానో ఆమె గ్రహించినట్టు లేదు.

మా ఎదురింటావిడ నా మోచేతి మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది.

ఆ మాట నన్ను ఇంటిదాకా వెంబడించింది. ఎందుకంటే ఈ ఊరి నుంచి పెద్ద విమానం కావాలని అందరికన్నా ఎక్కువ కోరుకున్నది నా భార్యే. హైవే మీద మంచు కురిసిన ప్రతిసారీ అనేది: "ఇక్కణ్ణుంచే ఉంటే పదిహేను నిమిషాల్లో దింపేసి, స్టవ్ మీద పప్పు మాడకముందే వచ్చేసేదాన్ని." ఆ విమానం రాకుండా చేసింది ఆమే అయితే? ఆ సంగతి తెలుసుకోవాలని ఉంది. ఏడు నెలల్లో నాకు ఏదైనా తెలుసుకోవాలనిపించడం అదే మొదటిసారి.

తేల్చవలసిన పని ఇంకొకటి కూడా ఉంది. ఆమె పేరు మీద ఆ వ్యాన్‌ని మళ్లీ నడుపుదామని మావాళ్లు అప్పటికే అనుకున్నారు. వంతులవారీగా ఒక్కో వారం ఒకరు చికాగోకి డ్రైవ్ చేయడం. బండి ఇవ్వమని నన్ను అడిగింది మా ఎదురింటావిడే. ఆలోచించి చెబుతానన్నాను. ఎండాకాలం సెలవులు మొదలయ్యేలోపు చెప్పాలి.

నా భార్యకు ఒక పద్ధతి ఉండేది. ప్రయాణానికి ముందు రోజు అందరూ పెట్టెలు పట్టుకుని మా గరాజ్‌కి రావాలి. కొక్కెం ఉన్న త్రాసుకు ఒక్కో పెట్టె తగిలించి ఇరవైమూడు కిలోలు దాటితే తెరిపించేది. తీసేసినవి మా ఇంట్లో ఉండిపోయేవి. పన్నెండేళ్లలో నేను షాంపూ కొన్న గుర్తు లేదు. తర్వాత ఒక్కొక్కరితో రెండు చీటీలు రాయించేది. పేరు, తేదీ, పెట్టెల బరువు, అక్కడ ఎదురొచ్చేవాళ్ల ఫోన్ నంబరు. ఒక చీటీ పెట్టె లోపల, బట్టల పైన. రెండోది ఆమె దగ్గర. చేరామని ఫోన్ వచ్చాక దాని మీద టిక్ పెట్టేది.

ఆ చీటీలన్నీ జిప్పున్న బాస్మతి బియ్యం సంచిలో దొరికాయి. భోజనాల బల్ల మీద పోసి నెలలవారీగా పేర్చాను. నాలుగు వందల పైచిలుకు. డిసెంబరు కుప్ప అన్నిటికన్నా పెద్దది, అది ఊహించిందే. తర్వాతది మే నెలది. బరువు రాయవలసిన చోట అడ్డగీత మాత్రమే ఉన్న చీటీలు కొన్ని కనిపించాయి. అవేమిటో కాసేపు అర్థం కాలేదు. తేదీలు చూశాక తెలిసింది. అవి ఇంట్లో ఎవరో పోయారని కబురు అంది వెళ్లినవాళ్లవి. తూచడానికి వాళ్ల దగ్గర పెట్టెలు లేవు. ఆ చీటీలు అన్ని నెలల్లోనూ ఉన్నాయి.

ఈ చీటీల్లోని మనుషులు ఇంకా ఇక్కడే ఉన్నారా అన్నది తర్వాతి ప్రశ్న. నంబర్లన్నీ నా భార్య ఫోన్‌లో ఉన్నాయి కనుక దానితోనే చేశాను. అవతలివాళ్లకు తెర మీద ఆమె పేరే కనిపించేది. నేను నా గొంతు వినిపించాకే పలికేవారు. ఎక్కువమంది వెళ్లిపోయారు. ఉద్యోగాలొచ్చి ఫ్రీమాంట్, శాన్ రామన్, కమ్మింగ్ లాంటి దూరపు ఊళ్లకు. రెండేళ్లు ఇక్కడ చదివి, ఒకటో రెండో డిసెంబర్లు ఆమె బండెక్కి, తర్వాత వేరే ఊరి లెక్కలోకి వెళ్లినవాళ్లు.

ఫ్రీమాంట్‌లో ఉన్న ఒకతను మాత్రం చాలాసేపు మాట్లాడాడు.

"అంకుల్, ఆంటీ నా ఆవకాయ సీసా తీసేశారు తెలుసా? అదీ ఇండియా వెళ్లేటప్పుడు! 'ఇండియాకి ఆవకాయ మోసుకెళ్లేవాణ్ణి నిన్నే చూశాన్రా' అని వ్యాన్‌లో అందరి ముందూ పరువు తీశారు."

"ఎందుకు తీసుకెళ్లావు?"

"రూమ్మేట్ వాళ్లమ్మ పంపింది అంకుల్. బాగా ఘాటు, మేం తినలేకపోయాం. పారేస్తే పాపం కదా. రిటర్న్ చేద్దామని."

ఆ ఆవకాయ నేనే తిన్నాను. ఆ మాట అతనికి చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత అతను అన్నాడు: "ఆ రోజే కదా మా ఫ్లైట్ క్యాన్సిల్ అయింది. అప్పటికి మమ్మల్ని దింపి మూడు గంటలైంది. ఆంటీ ఇల్లు చేరిపోతుంటారు, ఎలా చెప్పాలి అనుకుంటూ ఫోన్ చేశాను. పైనే ఉన్నా, కిందికి వస్తున్నా అన్నారు."

"పైన ఎక్కడ?"

"పార్కింగ్ డెక్ మీద అంకుల్. అన్నిటికన్నా పై లెవెల్. ఫ్లైట్ లేచేదాకా ఎప్పుడూ అక్కడే ఉండేవారంట కదా. మీకు తెలీదా?"

తెలీదు. నేను వెంట ఉన్న రోజుల్లో దింపిన వెంటనే తిరిగి వచ్చేవాళ్లం. ఆమె ఒక్కతే వెళ్లిన రోజుల్లో మూడు గంటలు ఆలస్యంగా వచ్చేది. చికాగో ట్రాఫిక్ అనేది. పన్నెండేళ్లు నేను దాన్ని ట్రాఫిక్ అనే అనుకున్నాను.

చీటీల్లోని పేర్లు తీసేసి, నెలలు, ఊళ్లు మాత్రం ఒక పట్టికగా రాసుకుని ఆఫీసరు దగ్గరికి వెళ్లాను. ఆమె శ్రద్ధగా చదివింది. విమాన సంస్థ ముందు చేతిరాత కాగితాలు పెట్టలేనని మొదటే చెప్పేసింది. వాళ్లకు టికెట్లే సాక్ష్యం. అయితే తన అంచనా ఎక్కడ తప్పిందో చూసుకోవడానికి పనికొస్తుందట. అడ్డగీత ఉన్నవి వేరుగా చూపిస్తే వాటి దగ్గర ఆగింది. ఇలాంటి ప్రయాణికులు ధర తగ్గేదాకా, సెలవులు వచ్చేదాకా ఆగరు, ఖాళీ నెలల్లో విమానాన్ని నిలబెట్టేది వీళ్లే అంది. మామూలుగానే అంది. అది ఆమె వృత్తి. నేను కిటికీ వైపు చూశాను.

వీళ్లలో చాలామంది ఇప్పుడు ఈ ఊళ్లో లేరని కూడా చెప్పాను.

"వాళ్ల బదులు వేరేవాళ్లు వచ్చారు కదా?"

"ప్రతి ఆగస్టులోనూ వస్తారు."

"అయితే ఫరవాలేదు. సీటులో మనిషి ఉండాలి. అదే మనిషి కానక్కర్లేదు."

ఇంటికి వచ్చి ఆ వాక్యం ఒక కాగితం మీద రాసుకున్నాను. మనుషుల గురించి నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా అలా లేదు. కానీ అందులో తప్పు వెతికితే దొరకలేదు.

చివరగా ఒకటి అడిగాను. ఆ బండి లేకపోయి ఉంటే ఈపాటికి విమానం వచ్చి ఉండేదా? చెప్పలేనంది. బండి లేకపోతే కొందరు ఇక్కణ్ణుంచే కొనేవారు, కొందరు అసలు వెళ్లేవారు కారేమో, పెట్టెలు లేకుండా వెళ్లినవాళ్లు ఎలా వెళ్లేవారో తనకు తెలియదంది. విమాన సంస్థ ఇంకొక సీజన్ లెక్కలు అడిగిందనీ, ఆ సీజన్‌లో ఎంతమంది ఇక్కణ్ణుంచి టికెట్ మొదలుపెడతారన్నదే ముఖ్యమనీ చెప్పింది.

ఆ సాయంత్రం ఎదురింటికి వెళ్లి, వ్యాన్ చికాగోకి ఇవ్వనని చెప్పాను.

"వదిన పేరు మీదనే గదా అడుగుతున్నం అన్నా" అంది. కోపం వచ్చిందని తెలుస్తూనే ఉంది.

"ఒక్క సీజన్. ఇక్కణ్ణుంచి ఎక్కేవాళ్లను నేనే దింపుతాను. ఊళ్లోదే కదా."

"పదిహేను నిమిషాలకు నువ్వెందుకు, ఊబర్ లేదా? ఇక్కడికెల్లి పోతే రెండుసార్లు దిగాలె, ఎక్కాలె. టికెట్ గూడ ఎక్కువ. పిల్లలు ఒప్పుకుంటరా?"

"కొందరు ఒప్పుకోరు. కబురు అంది వెళ్లేవాళ్లుంటే బండి తాళాలు ఇస్తాను, ఎక్కడికైనా తీసుకెళ్లండి. మిగతావాళ్లు ఒక్క సీజన్ చూడమను."

ఆమె లేచి లోపలికి వెళ్లింది. చాయ్ పెట్టి నా ముందుంచింది. "నేను జూన్‌ల పోవాలె, చెల్లె కూతురి పెండ్లి. నాతోనే షురూ చేస్తవా ఏంది?"

"నీ ఇష్టం."

"ఇష్టమంట! ఇంటికొచ్చి కూసున్నంక ఇంక ఇష్టమేడిది?"

జూన్‌లో ఒక మంగళవారం పొద్దున ఆమె పెట్టెలు మా గరాజ్‌లో తూచాను. మొదటిది ఇరవైరెండు కిలోలు.

"ఇంక కిలో జాగ ఉన్నది. వదినైతే ఊకోకపోవు, ఏదో ఒకటి పట్టిచ్చేది" అంది. లోపలికి వెళ్లి, పన్నెండేళ్లలో పోగైన షాంపూల్లోంచి రెండు సీసాలు తెచ్చి ఇచ్చాను. నవ్వింది. చీటీలు రెండూ అడక్కుండానే రాసింది.

విమానాశ్రయంలో కౌంటర్ దగ్గర అమ్మాయి ఎక్కడిదాకా అని అడిగింది. హైదరాబాద్ అంటే, కొత్త ఊరి పేరు విన్నట్టు మళ్లీ చెప్పించుకుని టైప్ చేసింది. పెట్టెకు కట్టే ట్యాగ్ పొడుగ్గా వచ్చింది. మా ఊరి విమానాశ్రయంలో హైదరాబాద్ అని అచ్చైన ట్యాగ్ నేను చూడటం అదే మొదటిసారి. మా ఎదురింటావిడ దాన్ని వేలితో చూపించి, "రాస్కోమను అన్నా, ఒకరు" అంది. సెక్యూరిటీ దగ్గర వెనక్కి తిరిగి, "ఇంక ఇంటికి పో" అని చేత్తో సైగ చేసింది.

పదిహేను నిమిషాల దారి. వెళ్లిపోవచ్చు. కానీ అక్కడ ఎలా ఉంటుందో చూడాలనిపించింది. మా విమానాశ్రయంలో పార్కింగ్ డెక్ లేదు. కారు పెట్టే స్థలం చివర ఇనుప కంచె ఉంది. అక్కడ నిలబడ్డాను. చిన్న విమానం, యాభై మంది పట్టేది. తలుపు వేశాక కూడా చాలాసేపు కదలలేదు. ఎందుకు కదలదో తెలియదు. మధ్యలో వదిలి వెళ్లడానికి మనసు రాలేదు. చివరికి కదిలి, రన్‌వే చివరిదాకా వెళ్లి, తిరిగి, లేచింది. వాచీ చూసుకున్నాను. ఆమెను దింపి రెండు గంటలు దాటింది.

చీటీ జేబులో ఉంది. టిక్ పెట్టడానికి ఇంకో రోజున్నర పడుతుంది. విమాన సంస్థ ఇంకా ఏమీ తేల్చలేదు. కారు వైపు నడుస్తూ నా భార్య లెక్క ఒకటి తప్పని తెలుసుకున్నాను. ఇక్కణ్ణుంచే పెద్ద విమానం వచ్చినా ఆమె పదిహేను నిమిషాల్లో తిరిగి వచ్చేది కాదు. పప్పు మాడేదే.