నూనె తాగిన పడవ

ఆత్మకూరులో కోత మిషను గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చునే మనిషిని మీలో చాలామంది చూసే ఉంటారు. దుంగల లారీ వస్తే గేటు తీస్తాడు, వెళ్ళిపోతే వేస్తాడు. షేకు పడవ అల్లాబకాష్ అంటే ఎవరైనా చూపిస్తారు. మిషనులో పనిచేసేవాళ్ళు "ఏంది కెప్టెనూ, ఈరోజు అలలు ఎట్టుండాయి?" అని ఎగతాళి చేస్తుంటారు. వాడు నవ్వి ఊరుకుంటాడు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. వాళ్ళతో పోట్లాడే ఓపిక లేదు కాబట్టి ఇది రాస్తున్నాను.

నా పేరు పెంచలయ్య. ఆత్మకూరు మీదుగా ఉదయగిరికీ నెల్లూరికీ తిరిగే బస్సులో కండక్టర్ని. అల్లాబకాష్‌దీ నాదీ ఉదయగిరిలో ఒకే వీధి, ఒకే బడి. పరీక్ష తప్పింది కూడా ఒకే ఏడాది. వాడి గురించి నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు.

వాళ్ళది గరిటెల పని. కొండ మీది చెక్క తెచ్చి గరిటెలు, చెంచాలు, దువ్వెనలు చెక్కే ఇళ్ళు మా ఊళ్ళో చాలా ఉన్నాయి. వాళ్ళ నాయనకు చేతిలో ఎంత పనితనం ఉండేదో నోట్లో అన్ని తిట్లు ఉండేవి. గరిటె పిడి చివర చిలకను పెట్టాడంటే అది ఎగిరిపోతుందేమోనని చూసేవాళ్ళం. కొడుకు చేత ఏళ్ళ తరబడి రంపం పట్టించాడు, ఆకురాయితో రుద్దించాడు, ఉలి మాత్రం ముట్టనివ్వలేదు. చివరికి ఇచ్చిన రోజు కూడా వెంటనే చెక్కడానికి లేదు. ఆ ఇంటి ఆనవాయితీ వేరు. ఉలి అందుకున్నవాడు ముందుగా ఇంట్లో చెక్కి పెట్టిన సామాను మొత్తానికి తన చేత్తో నూనె తాగించాలి. శనగ నూనె అరచేతిలో పోసుకుని ఒక్కో గరిటెకూ రుద్ది నీడన పెట్టాలి. ఎండు చెక్కను గడప దాటించడం వాళ్ళకు నామోషీ. ఆ రోజు నేను అక్కడే ఉండి, "గరిటెకు నూనె పెడతుండావా, పెళ్ళికొడుక్కి తలంటతుండావా?" అని వెక్కిరించాను. వాడు తల కూడా ఎత్తలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు వాళ్ళ నాయన పోయాడు. స్టీలు గరిటెలు వచ్చి చెక్క గరిటెలకు గిరాకీ పడిపోయింది. అది చాలదన్నట్టు ఫారెస్టు వాళ్ళు కొండెక్కనివ్వడం మానేశారు. డెబ్భై ఆరు, డెబ్భై ఏడుల్లో వాడి ఇంట్లో ఉలి ఉండేది, చెక్క ఉండేది కాదు. అప్పటికే షరీఫున్నీసాతో పెళ్ళయింది. కూలి పనికి పోవచ్చు, పోయేవాడు కూడా. కానీ సాయంత్రం వచ్చి వట్టి ఉలిని రాతి మీద నూరుకుంటూ కూర్చునేవాడు. అట్లాంటి రోజుల్లో కడప నుంచి ఒక ఏజెంటు వచ్చి, దుబాయ్‌లో ఒక షేకు పడవకు వడ్రంగి కావాలన్నాడు.

"సముద్రం మొగం చూసినోడివి కాదు, నీకెందుకురా?" అన్నాను.

"నాకు చెక్క కావాల పెంచలా. అది ఏడుంటే ఆడికి పోతాను. చేతిలో ఉలి లేకండా నేను బతకలేను రా," అన్నాడు. వాడికి కావలసింది అప్పుడూ అదే, తర్వాతా అదే. డబ్బు వద్దనేంత వెర్రివాడని కాదు, కానీ డబ్బు కోసమే అయితే వాడు వేరే ఏదో ఒకటి చేసుకునేవాడు.

మొదటి సెలవుకు వచ్చినప్పుడు నా బస్సులోనే ఎక్కి, ఆ పడవ రంగుల ఫోటో చూపించాడు. తెల్లగా, మూడంతస్తులతో, నీళ్ళలో కట్టిన కలెక్టరాఫీసులా ఉంది. మాకు పడవంటే సంగం దగ్గర పెన్నలో తిరిగే పుట్టి. అందుకని బస్సంతా వాడి మీద పడింది.

"దాంట్లో చేపలు పడతారా?" అని అడిగాను.

"పట్టరు."

"సరుకులేస్తారా?"

"ఎయ్యరు. షేకు ఎక్కుతాడు. ఏడాదికి ఒకటి రెండు మాట్లు."

"మిగతా రోజులు?"

"మేం తుడస్తుంటాం."

బస్సులో ఒకటే నవ్వులు. వాడూ నవ్వాడు. కానీ అది వేళాకోళం కాదు, నిజంగానే అదే వాళ్ళ ఉద్యోగం. ముప్పై మందికి పైగా మనుషులు ఏడాది పొడుగునా రేవులో కట్టేసిన పడవను తుడుస్తూ ఉంటారు. ఇత్తడి పిడులు, అద్దాలు, ఎవరూ కూర్చోని సోఫాలు, ఎవరూ దిగని ఈత కొలను. షేకు వచ్చినప్పుడు పనివాళ్ళు కంటబడకూడదు. వాళ్ళకు వేరే మెట్లు, వేరే దారి. చెప్పులు మాత్రం ఎంతటివాళ్ళయినా పడవ బయటే వదలాలి. అదొక్కటీ వాడికి నచ్చింది, మసీదులో లాగా ఉందని.

వడ్రంగి అని తీసుకుపోయి వాడి చేతిలో పెట్టింది బ్రష్షు. పడవలో వడ్రంగి అప్పటికే ఉన్నాడు. దొమింగో అని గోవా ముసలాయన. కింది అంతస్తులో ఆయనకు చిన్న గది, బెంచీ, గోడ నిండా ఉలులు. అల్లాబకాష్ పని అయిపోయాక ఆ గది గుమ్మంలో నిలబడి రంపప్పొట్టు వాసన చూసి వచ్చేవాడట. కెప్టెన్ తెల్లవాడు, చెడ్డవాడేమీ కాదు. దొమింగో దిగిపోయాక బెంచీ నీదే అన్నాడు. మనవాడు ఆ మాట పట్టుకుని ఏళ్ళు గడిపేశాడు.

ఏళ్ళ తరబడి వాడు కడిగింది పడవ పైభాగం. అదంతా బర్మా టేకు పలకలు. రోజూ పొద్దున్నే ఉప్పునీళ్ళు చల్లి రుద్దాలి. ఎండకూ ఉప్పుకూ ఆ టేకు బూడిద రంగుకు తిరిగిపోయింది. వేరే ఏదీ పూయొద్దని మొదటి రోజే చెప్పారు. ఎందుకో చెప్పలేదు. కడిగేవాడికి కారణాలు ఎవరు చెబుతారు? అంత గొప్ప పడవను నడిపే పెద్దమనుషులకు ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదు. ఇప్పుడు తలుచుకున్నా నాకు కోపం వస్తుంది.

"ఒక్క ముడి లేదు రా ఆ చెక్కలో. మా నాయన చూసుంటే ముద్దు పెట్టుకునేటోడు. దాన్ని దప్పిక్కి మాడ్చి సంపతుండారు," అని నాతో అన్నప్పుడు వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెక్క కోసం ఏడ్చే మనిషిని చూసి నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

ఎనభై నాలుగులో వాడి నుంచి ఒక క్యాసెట్టు వచ్చింది. అప్పట్లో గల్ఫు నుంచి అందరూ మాటలు రికార్డు చేసి పంపేవాళ్ళు. షరీఫున్నీసా నన్ను పిలిపించింది. ఆమె అప్పటికి మామ ఉలులతోనే దువ్వెనలు, గరిటెలు చెక్కడం నేర్చుకుంది. ఫారెస్టు వాళ్ళు చూసీ చూడనట్టు వదిలిన చెక్కతో ఇల్లు నడుపుతోంది. ఒళ్ళో రంపప్పొట్టు దులుపుకుని టేప్ రికార్డరు మీట నొక్కింది.

"షరీఫా, దొమింగో చాచా ఈ పండగతో దిగిపోతుండాడు. కెప్టెన్ అందరి ముందరా చెప్పినాడు. పండగ తరవాత బెంచీ నాదే. ఉలి నా చేతికొస్తాది. పెంచలాగాడికి కూడా చెప్పు," అని వాడి గొంతు. ఆ గొంతులో సంతోషం పట్టలేక దగ్గు వచ్చింది, ఆ దగ్గు కూడా క్యాసెట్టులో ఉంది. షరీఫున్నీసా దాన్ని మళ్ళీ మళ్ళీ వేసుకుని విన్నది.

ఆ తర్వాత జరిగింది వాడే నాకు చెప్పాడు.

పండగకు ముందు శుక్రవారం. వంటవాడు తప్ప అందరూ నమాజుకనీ బజారుకనీ దిగిపోయారు. కాపలా వంతు వీడిది. దొమింగో పెట్టె సర్దుకుని, గది తాళం వీడి చేతికిచ్చి దిగాడు. తాళం చేతికి వచ్చిందంటే ఉలి చేతికి వచ్చినట్టే కదా. వాడికి వాళ్ళ నాయన గుర్తొచ్చాడు, ఇంటి ఆనవాయితీ గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ ఏమీ పూయొద్దన్నది కడిగేవాడితో. ఇప్పుడు తాను వడ్రంగి, ఈ పడవలో చెక్క బాగోగులు ఇక తనవి. అట్లా అనుకున్నాడు పిచ్చివాడు. ఉలి ముట్టే ముందు ఈ చెక్కకు నూనె తాగించాలి అనుకున్నాడు.

వంటగదిలో మలయాళీ వంటవాణ్ణి అడిగితే రెండు డబ్బాల నూనె తీసుకోమన్నాడు. ఎందుకని అతనూ అడగలేదు. షేకు చుట్టాలతో కూర్చునే వెనక భాగమంతా మోకాళ్ళ మీద జరుగుతూ, పలక పలకకూ అరచేత్తో రుద్దాడు. సాయంత్రానికి బూడిద రంగు పోయి తేనె రంగు తేలింది.

"మొగం కడుక్కోని బొట్టు పెట్టుకున్నట్టుండింది రా ఆ చెక్క. అంత బాగా నా బతుకులో ఏ పనీ చెయ్యలేదు," అన్నాడు. వాడు ఆ మాట చెప్పేటప్పుడు కూడా మొహం వెలిగింది. అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

షేకు మర్నాడు రావలసింది, ఆ సాయంత్రమే వచ్చేశాడు, ఇరవై మంది అతిథులతో. చెప్పులు బయట వదిలి, తెల్ల అంగీతో ముందు తానే నడిచాడు. నూనె మీద పాదం జారి అందరి ముందూ వెల్లకిలా పడ్డాడు. దెబ్బ తగల్లేదు. కానీ అంగీ వెనక భాగమంతా జిడ్డు, అతిథుల్లో ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. పావుగంటలో కార్లన్నీ వెనక్కి తిరిగిపోయాయి.

కెప్టెన్ ఎవరు చేశారని అడగకముందే వీడు ముందుకొచ్చి, "నేనే సార్," అన్నాడు. అప్పుడు, అన్నేళ్ళ తర్వాత, కెప్టెన్ కారణం చెప్పాడు. పడవ మీద చెక్క పొడిగా ఉంటేనే తడికాలు జారకుండా నిలుస్తుంది. నూనె పూస్తే జారుతుంది, ఎండకు దుమ్ము పట్టి నల్లబడిపోతుంది. అందుకే దాన్ని అట్లా వదిలేస్తారు. వీడు అంతా విన్నాడు. తాళం తీసి ఇచ్చేశాడు.

పలకలు నిజంగానే నల్లబడ్డాయి. మచ్చలన్నీ పోగొట్టేదాకా ఇంటికి పంపేది లేదన్నారు. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంది. ఏదో తెల్ల పొడి, దాని మీద ఆసిడ్ నీళ్ళు, పోసి బ్రష్షుతో రుద్దాలి. ఇచ్చిన రబ్బరు తొడుగులు రెండు రోజులకే చిరిగాయి, వేరేవి అడిగితే ఎవరూ పట్టించుకోలేదు. ఎండాకాలమంతా అదే పని. వేళ్ళ చివర్లు కాలి, ఊడి, మళ్ళీ కొత్త తోలు వచ్చి, అదీ కాలింది. అంత చేసినా మచ్చలు పూర్తిగా పోలేదు. చివరికి ఎక్కడినుంచో కొత్త వడ్రంగిని రప్పించి మిషనుతో పైపొర లేపేశారు. కొత్తవాడికి బెంచీ ఇచ్చారు, వీడికి టిక్కెట్టు ఇచ్చారు.

ఎనభై ఐదులో నా బస్సులోనే దిగాడు. జుట్టు నెరిసింది. వేళ్ళు పైకి బాగానే ఉన్నాయి, చివర్ల మాత్రం తోలు మందంగా, నున్నగా మెరుస్తోంది. "అయిపోయిందిలే రా, పీడా పోయింది. ఇంట్లో ఉలి ఉండాది, షరీఫా చెక్క తెస్తుండాది. ఇంక కదలను," అన్నాడు. స్టాండులో టీ తాగాం. సలసల కాగే గాజు గ్లాసును నేను ఈ చేతికీ ఆ చేతికీ మార్చుకుంటుంటే, వాడు గుప్పిట్లో పట్టుకుని నింపాదిగా తాగాడు. గట్టిపడ్డాడు మావాడు అనుకున్నాను.

మరుసటి రోజు వాళ్ళింటికి వెళ్ళాను. షరీఫున్నీసా అరుగు మీద పని చేసుకుంటోంది. వాడు పక్కన కూర్చుని, ఆమె చెక్కేది చూస్తూ పొంగిపోతున్నాడు. ఆమె అప్పుడే ఉలి కింద పెట్టి, ఇంకా ఆకురాయి తగలని గరిటెను మొగుడికి అందించింది.

"మీ నాయన ఉంటే ఇసిరికొట్టేటోడు. నువ్వు చెప్పు, ఎట్టుండాది?" అన్నది. గొంతులో సిగ్గు ఉంది, కొంచెం గర్వం కూడా ఉంది.

మా ఊళ్ళో గరిటె బాగోగులు కళ్ళతో చూడరు. కళ్ళు మూసుకుని బొటనవేలు అంచు చుట్టూ తిప్పుతారు. ఎక్కడ ఎత్తు ఉందో, ఎక్కడ పల్లం ఉందో వేలే చెబుతుంది. పనివాడికి ఉలి కంటే ఆ వేలే ముఖ్యం. అల్లాబకాష్ కళ్ళు మూసుకున్నాడు. వేలు మెల్లగా అంచు మీద ఒక చుట్టు తిప్పాడు, ఇంకో చుట్టు తిప్పాడు.

"బాగుండాది షరీఫా. నున్నగా వచ్చింది. ఏడా ఎత్తు లేదు."

అంచు మీద ఎర్రటి గీత పడింది. చెక్కలో సూదిలాంటి చీలిక ఒకటి లేచి ఉంది, అది వాడి వేలిని కోసుకుంటూ పోతోంది. వాడు కళ్ళు మూసుకునే ఉన్నాడు, నవ్వుతూనే ఉన్నాడు, మూడో చుట్టు తిప్పుతున్నాడు. రక్తం మణికట్టు దాకా కారింది. షరీఫున్నీసా గరిటె లాక్కుని కొంగులో దాచుకుంది.

వాడు కళ్ళు తెరిచి ఆమె మొహం చూశాడు, నా మొహం చూశాడు. తర్వాత తన చేయి చూసుకున్నాడు.

"ఇది ఎప్పుడు తెగింది షరీఫా?" అని అడిగాడు.

"ఇప్పుడే," అన్నది ఆమె.