వజూ నీళ్ల వేప

మొన్న సోమవారం నంద్యాల ఆసుపత్రిలో నా భార్య చనిపోయింది. బంధువులకు నేనే ఫోన్లు చేశాను. అందరికీ ఒకే మాట చెప్పాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

ఆమె ఆళ్లగడ్డలో టీచరు. మీలో కొందరికి ఆమే అక్షరాలు దిద్దించి ఉంటుంది. పెళ్లికి పోయినా, కారుతున్న కొళాయి కట్టేసి గానీ భోజనానికి కూర్చునేది కాదు. దేవుడు మనిషిని తోటలో పెట్టింది కాపలాకే గానీ పెత్తనానికి కాదని చర్చిలో పిల్లలకు చెప్పేది.

మా క్రైస్తవుల సమాధుల తోటకూ మసీదుకూ మధ్య ఒకటే గోడ. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూ నీళ్లు అవతల వీధి కాలవలో కలిసేవి. ఇవతల ఆమె నాటిన వేపమొక్క ఎండిపోతుండేది. చాలా ఏళ్ల కిందట ఒక వేసవిలో ఆమె మసీదు పెద్దాయన దగ్గరికి పోయింది. నేనూ వెంట ఉన్నాను.

"ఏందీ మామా, ఇన్ని నీళ్లు కాలవకిడుస్తాండారు? మా పక్కకు మళ్లించరాదా?"

"మీ చెట్టు మా నీళ్లు తాగుతాదామ్మా? అడిగినావా?"

"అడిగినా. దప్పికైతాంది, బేగా పంపమనింది."

ఆయన నవ్వాడు. "ఏటి ఒడ్డున కూచోని వజూ చేసినా నీళ్లు పారబొయ్యొద్దని మా ప్రవక్త చెప్పినాడు. ఆ కాలవ జూస్తే నాకూ సిగ్గయితాందిలే" అన్నాడు. ఆ వారమే గోడకు కన్నం కొట్టించి పైపు వేయించాడు. చెట్టు బతికింది.

తనను తల్లి సమాధి పక్కనే పెట్టమని ఆమె ఎప్పుడూ అనేది. మంగళవారం అక్కడ గుంత తవ్వుతుంటే వేపచెట్టు వేరు అడ్డం వచ్చింది. తొడంత లావుంది.

"ఒక్క వేరు కదన్నా, నరికితే పాయె" అన్నాడు సంఘపెద్ద.

"నరికితే చెట్టు ఉంటాదా?" అని తవ్వే మనిషిని అడిగాను.

"ఈ పక్కంతా దీని మీదనే నిలబడిందప్పా. గట్టిగా గాలొస్తే పడిపోతాది."

అందరూ నా వైపు చూశారు. మసీదు పెద్దాయన కూడా వచ్చి ఉన్నాడు.

"నీ ఇష్టం నాయనా. ఆ యమ్మ మాట రెండు పక్కలా ఉండాది" అన్నాడు.

"ఈ గుంత పూడ్చేయండి" అన్నాను.

గేటు దగ్గర ఇంకో గుంత తవ్వారు. ఆమెను అక్కడ పెట్టాము, తల్లికి దూరంగా. ఆమె మాట నిలిపానో తప్పానో నాకు తెలియదు.

నిన్న వాన వెలిశాక పోయాను. అత్తగారి సమాధి పక్కన పూడ్చిన మట్టి కుంగింది. అందులో నీళ్లు నిలిచాయి. రెండు గోరింకలు దిగి రెక్కలు తడుపుకుంటున్నాయి. అవి ఎగిరిపోతాయని నేను గేటు దగ్గరే ఆగిపోయాను.