మూడేళ్లు నేను చెప్పిన జవాబు

నాకు యాభై రెండేళ్లు వచ్చేదాకా చదువు రాదు. అందుకే ఈ సంగతి ముందే రాయలేకపోయాను. రాయడం అటుంచి, అసలు జరిగిందేమిటో తెలుసుకోనూ లేకపోయాను. బెంగళూరు పక్కన చందాపురలో మా వీధి ఆడవాళ్లకు సాయంత్రాలు పాఠం చెప్పే టీచరమ్మ దగ్గర మొదట కన్నడం నేర్చుకున్నాను. ఆ పైన తెలుగు తొందరగానే పట్టుబడింది.

ఆస్పత్రిలో మగవాళ్ల వార్డుకు నేను ఆయాను. మంచం మీంచి లేవలేని వాళ్లను రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి, లేకుంటే వీపున పుళ్లు పడతాయి. ఇద్దరు చేయాల్సిన పని. నేనొక్కదాన్నే చేసేదాన్ని. నా నడుము అక్కడే పోయింది.

ఏడాదికొకసారి ఆస్పత్రివాళ్లు కన్నడంలో ఒక ఫారం ఇస్తారు. పనిలో తృప్తి ఉందా, కష్టాలేమిటి అని అందులో అడుగుతారు. నర్సులు ఎవరిది వాళ్లు నింపుకుంటారు. నాది మా వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్ నింపేది. ఆమెదీ మన భాషే. నాకంటే చాలా చిన్నది, అక్కా అని పిలిచేది, తన టిఫిన్‌లో నాకూ పెట్టేది. మూడేళ్లూ ఒకటే చెప్పాను, తిప్పేదానికి ఇంకో మనిషి కావాలని. ఆమె తలాడిస్తూ రాసేది, నేను వేలిముద్ర వేసేదాన్ని. మనిషి రాలేదు. పైవాళ్లకు దయ లేదనుకున్నాను.

పోయిన నెల బీరువా సర్దమని ఆమే తాళం ఇచ్చింది. నాకు చదువొచ్చిన సంగతి ఆమెకింకా తెలియదు. తప్పుల్లేకుండా చదవడం వచ్చాక చెబుదామనుకున్నాను. వార్డు ఫైలులో నా వేలిముద్రలు కనిపించాయి. కూడబలుక్కుని చదివాను. మూడు ఫారాల్లోనూ ఒకటే ఉంది. పనిలో చాలా తృప్తి, కష్టమేమీ లేదు, ఎవరి సాయమూ అక్కర్లేదు.

తీసుకుపోయి ఆమె ముందు పెట్టాను.

"ఎప్పుడు నేర్చుకుంటివి అక్కా?"

"నేను చెప్పింది ఇదేనా సిస్టర్?"

"నువ్వు చెప్పిందంతా రాస్తే మీటింగులో నన్ను నిలబెడతారు, నీ వార్డులోనే ఈ ఏడుపులు ఎందుకుండాయని. అన్ని వార్డులోళ్లూ ఇట్లే రాసేది."

"నా నడుము సంగతి మీకు తెలుసు కదా. నూనె తెచ్చిచ్చింది మీరే."

"తెచ్చిస్తి. అదీ ఇయ్యనోళ్లుండారు."

ఎవరో తెలియనివాళ్లయితే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఇంటికెళ్లి అన్నం తినకుండా పడుకున్నాను.

మరునాడు పొద్దున డ్యూటీకి వెళ్లాను. మూడో మంచం పెద్దాయనను తిప్పే వేళయింది. ఆయన కింది దుప్పటి ఒక అంచు పట్టుకుని, రెండో అంచు పట్టుకోమని సిస్టర్‌ను పిలిచాను. చిన్న నర్సులంతా చూస్తున్నారు. ఆమె పెన్ను పక్కన పెట్టి వచ్చేదాకా నేను ఎత్తలేదు.