సింగరయ్య మానేసిన మాత్ర

రేపల్లె దిగువన నిజాంపట్నం రేవులో రత్తాలు నోటికి జడిసేవాళ్ళు చాలామంది. గయ్యాళి అన్నవాళ్ళూ ఉన్నారు. నన్నడిగితే, తిట్టాల్సిన దాంట్లో ఆమె సగం కూడా తిట్టలేదు.

పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిదిలో ఆమె మొగుడు సింగరయ్యకు గుండెపోటు వచ్చింది. తెనాలిలో ఒక డాక్టరు బతికించి, రోజూ ఆస్పిరిన్ మాత్ర మింగమన్నాడు. తలనొప్పి మాత్ర గుండెకెందుకని రత్తాలు అడిగితే ఓపిగ్గానే చెప్పాడు. గాయమైన చోట నెత్తురులోని సన్నటి కణాలు ఒకదానికొకటి అతుక్కుని కన్నం పూడుస్తాయి. గుండె రక్తనాళంలో అలా అతుక్కుంటే గడ్డకట్టి ప్రాణం మీదికొస్తుంది. మాత్ర ఆ అతుక్కోవడాన్ని తగ్గిస్తుంది. ఇంతా చెప్పిన పెద్దమనిషి, నువ్వు చేసే పనేంటయ్యా అని మాత్రం అడగలేదు.

వలలోంచి జెల్ల చేపలు తీసేవాడి వేళ్ళకు ముళ్ళు గుచ్చుకోని రోజుంటుందా? గంగమ్మకు మొక్కి ఆ ఏటి తొలి వల లాగుతుంటే సింగరయ్య వేలికి ముల్లు దిగింది. ఎంత అదిమినా నెత్తురు ఆగక వలంతా పడింది. తొలి వల మీద మనిషి నెత్తురు పడితే అరిష్టమని వాళ్ళ పట్టింపు. ఆ రోజు చేపలూ సరిగా పడలేదు. పడవ నడిపే సరంగు పున్నారావు రత్తాలుకు సొంత తమ్ముడే. అయినా, ఇలా నెత్తురు కారినన్నాళ్ళు బావ పడవెక్కడానికి వీల్లేదన్నాడు. చేపలు పడకపోవడానికి మనిషి వేలు కారణమట. బుద్ధి లేకపోతే సరి.

సింగరయ్య గుట్టుగా మాత్రలు మానేశాడు. కొన్నాళ్ళకు గాయాలు మామూలుగానే మూసుకున్నాయి, పడవలో చోటూ దొరికింది. అతని మీదా నాకు కోపమే. పెళ్ళాంతో ఒక్క మాట అనొచ్చుగా.

వానాకాలం వెళ్ళేలోపే పడవలో రొమ్ము పట్టుకుని కూలబడ్డాడు. రేపల్లె మీదుగా తెనాలి చేర్చేసరికి పొద్దు వాలింది. గడ్డను కరిగించే మందు ఒకటుందట, తొందరగా నరంలోకి ఎక్కించాలట, అది మద్రాసులో దొరకొచ్చట. ఉండి ఎవరికి? పైపెచ్చు మాత్రలు ఎందుకు ఆపావని డాక్టరు రత్తాలునే కసిరాడు. మంచం మీది సింగరయ్య కళ్ళు తెరిచాడు.

"నేనే మానేశానే. నెత్తురాగితే గాని నీ తమ్ముడు ఎక్కనియ్యనన్నాడు."

తెల్లారేలోపే పోయాడు.

మర్నాడు పాడె మొయ్యడానికి పున్నారావు ముందుకొచ్చాడు. రత్తాలు అడ్డంగా నిలబడింది. అప్పటికామె ఏడుపు ఆగిపోయింది.

"నెత్తురు ఆగట్లేదని దింపేశావు కదరా. ఇప్పుడాగింది. ఎక్కించుకో మీ బావని."