కళ్ళు లేని సీతాకోకచిలుక

కళ్ళద్దాలు అరగదీసే ఆ పెద్దమనిషికి ముక్కుసూటితనమే శత్రువు. అబద్ధం కూడా ఆడక్కర్లేదండీ, కాసేపు నోరు మూసుకుని ఉంటే సరిపోయేది!

వాళ్ళ వీధి చివర చిన్న తోపు ఉండేది. షాపు మూశాక రోజూ అక్కడికే పోయేవాడు. వానాకాలంలో అక్కడ ఒక బుల్లి గోధుమరంగు సీతాకోకచిలుక తిరిగేది. రెక్కలు ముడిస్తే అంచు వెంట వరసగా కళ్ళలాంటి మచ్చలు, పసుపు చుట్టులో నల్లటి పాపలు. పూల జోలికి పోదు. నీడలోనే మోకాలెత్తున ఎగురుతూ కుళ్ళిన పళ్ళ మీద వాలుతుంది. మంచం దిగలేని అక్కకి ఆ కబుర్లే కాలక్షేపం.

తోపు కొట్టేసి గోడౌన్లు కడతారని తెలిసి ఆయన లబోదిబోమన్నాడు. "ఊళ్ళో ఇంకెక్కడా లేదండీ ఇది" అని అటవీశాఖ ఆఫీసులో కాళ్ళావేళ్ళా పడితే, నడి ఎండాకాలంలో ఒక ఆఫీసరమ్మ వచ్చింది. "ఒక్కటి చూపించండి, ఆపిస్తాను" అంది. పాపం, మంచి మనిషే. వెతగ్గా వెతగ్గా ఎండుటాకు మీద ఒకటి దొరికింది. అచ్చం ఆకు రంగే, ఒక్క కన్నూ లేదు.

"ఇదేనా?"

"కాదండీ. ఇది వేరే జాతి. దానికి కళ్ళుంటాయి."

ఆవిడ నిట్టూర్చి వెళ్ళిపోయింది. ఆయన దాన్నే సీసాలో వేసి అక్కకి చూపిద్దామని తీసుకెళ్ళాడు. అది సీసాలో గడ్డి మీద గుడ్లు పెట్టింది. అక్క మంచం పక్కనే పురుగులు పెరిగి గూళ్ళు కట్టాయి. అవతల తోపులో రంపాలు ఆగలేదు.

తొలకరి పడిన మర్నాడు అక్క కేకేసింది. "ఒరేయ్, ఇలా రారా! దీనికి కళ్ళున్నాయిరా!"

ఆయన వచ్చి వంగి చూశాడు. తల్లికి లేని కళ్ళు పిల్లకి! ఎండకో వేషం, వానకో వేషం. రెండూ ఒకటే.

"నా నోటితో నేనే కొంప ముంచానక్కా" అని బావురుమన్నాడు.

"సీసాలో చచ్చిపోతుందిరా. వదిలిపెట్టి రా" అంది అక్క.

తోపు లేదు, మొద్దులున్నాయి. మూత తీశాడు. అది అలవాటు చొప్పున మోకాలెత్తున ఎగిరి, నీడ కోసం తచ్చాడి తచ్చాడి, తెల్లటి రంపపుపొట్టు మీద వాలింది. అల్లంత దూరానికి కనబడుతోంది. పైన కాకులు తిరుగుతున్నాయి.

ఆయన తన నీడ దాని మీద పడేలా జరిగి నిలబడ్డాడు. కదల్లేదు.

"పెద్దాయనా, కాస్త పక్కకి తప్పుకోండి" అన్నాడు మేస్త్రీ. "లారీ రావాలి."