మెట్ల మీద బీబీ పోసిన నీళ్ళు

దెయ్యాలంటే నాకు భయం లేదు, ఒట్టి విసుగు. ఇరవై రెండేళ్ళు పంజాగుట్టలో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేశాను. కంటికి కనబడి, రిపోర్టులోకి ఎక్కేదే నాకు నిజం. నా నోరు మంచిది కాదని మా వాళ్ళంతా అంటారు. అదీ నిజమే, ముందే ఒప్పేసుకుంటున్నా.

అమీర్‌పేటలో మాది రెండంతస్తుల ఇల్లు. పై వాటా ఒక అఫ్ఘన్ తల్లీకొడుకులకి ఇచ్చాం. ఇచ్చింది మా ఆయన. నేనైతే గేటు కూడా తీసేదాన్ని కాదు. కొడుకు హుసేన్. వైద్యానికని వచ్చే వాళ్ళ దేశం రోగుల వెంట ఆస్పత్రులకెళ్ళి, డాక్టరు మాట వాళ్ళకీ, వాళ్ళ మాట డాక్టరుకీ చెప్పేవాడు. తల్లిని బీబీ అనేవాడు, మేమూ అదే అన్నాం. రష్యా వాళ్ళొచ్చినప్పుడు మొగుణ్ణి, తర్వాత వాళ్ళలో వాళ్ళు కొట్టుకున్నప్పుడు పెద్దకొడుకుని పోగొట్టుకుందట. ఒకసారి నేను "మీ పఠాన్లంతా ఇంతేనా" అన్నాను. హుసేన్ మొహం మాడ్చుకున్నాడు. మేం పఠాన్లం కాదాంటీ, హజారాలం, అక్కడ మమ్మల్ని ఏరి ఏరి చంపుతారు అన్నాడు. ఎవరైతే నాకేంటి అనుకున్నా.

తాలిబన్లు మళ్ళీ వచ్చాక, అక్కడే ఉండిపోయిన అక్కనీ ఆమె పిల్లల్నీ తెచ్చుకోవడానికి హుసేన్ బయల్దేరాడు. బ్యాగు పట్టుకుని మెట్లు దిగుతుంటే, వెనకాల బీబీ చెంబుతో నీళ్ళు పొయ్యబోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మా వైపు శవాన్ని తీసుకెళ్ళాక కొడతారు నీళ్ళు. ఎక్కడైనా ప్రాణంతో వెళ్ళేవాడి వెనక పోస్తారా! చెంబు లాగేసుకున్నాను.

"వెళ్ళినవాడు తిరిగి రావాలని పోస్తాం ఆంటీ," అన్నాడు హుసేన్.

"మీ దేశంలో పోసుకోండి. ఇది సంసారులుండే ఇల్లు."

బీబీ చెయ్యి అలా చాచే ఉంది. అతను నవ్వేసి వెళ్ళిపోయాడు.

రెండు నెలలు ఫోన్లొచ్చాయి. తర్వాత ఆగిపోయాయి. ఏడాది దాటింది. ఆవిడ మొహం చూడలేక ఇల్లు ఖాళీ చెయ్యమన్నాను. జాలితో చూడలేక కాదు, చిరాకుతో.

ఆ నెలలోనే మా ఆయన గుండెకి స్టెంట్ వెయ్యాలన్నారు. పొద్దున్నే బంజారా హిల్స్ ఆస్పత్రికి బయల్దేరాం. కారు గేటు దాటుతుండగా వెనక్కి చూశాను. బీబీ మెట్ల మీద నీళ్ళు పోస్తోంది! కారాపించి దిగి, నోటికొచ్చినట్టు తిట్టాను. నీ కొడుకు పోయాడని నా మొగుణ్ణి కూడా సాగనంపుతున్నావా అన్నాను, తెలుగులోనే. అయినా ఆవిడకి అర్థమయ్యే ఉంటుంది. "ఎక్కవే తల్లీ, టైమవుతోంది," అన్నాడాయన.

స్టెంట్ బాగానే వేశారు. పన్నెండున్నరకి ఐసీయూలో ఆయన గుండె ఆగింది. లేపారు. నాలుగింటికి మళ్ళీ ఆగింది. మళ్ళీ లేపారు. బయట కుర్చీలో నేను బీబీని తిడుతూనే కూచున్నా.

ఆరింటికి లోపలికి పంపారు. ఈయన కాళ్ళు ఎవరు కడిగారమ్మా అని నర్సు విసుక్కుంది. రెండుసార్లూ గుండె కొట్టుకోవడం మొదలవగానే కాళ్ళ కింద దుప్పటి తడిసి ముద్దయి ఉందట, మార్చారట. సెలైన్ కాదు, చెమట కాదు. మూత్రం గొట్టం సరిగ్గానే ఉంది. ఏసీ ఎక్కడో దూరంగా ఉంది. అన్నీ నేనే చూశాను. ఆయన మడమల మీద తెల్లటి పొర ఆరిపోయి ఉంది. గోటితో గీరాను. మా బోరు నీళ్ళు ఆరితే బకెట్ల మీద సరిగ్గా అలాంటి పొరే కడుతుంది. ఆస్పత్రి కుళాయి కింద చెయ్యి తడుపుకుని ఆరబెట్టి చూశాను. ఏ పొరా లేదు.

రాత్రి బట్టల కోసం ఇంటికొస్తే వాచ్‌మన్ భార్య యాదమ్మ ఎదురొచ్చింది. "అమ్మా, గా బీబీ మీరు పోయినంక సుత రెండుసార్లు మెట్ల మీద నీళ్ళు పోసింది. మోటరేసినప్పుడు ఒకసారి, నాలుగింటికి ఒకసారి. తుడవలేక సచ్చిన," అంది. మా ఇంట్లో మోటారు వేసేది పన్నెండున్నరకి.

మా ఆయన్ని ఇంటికి తెచ్చిన రోజే పైకి వెళ్ళాను. దణ్ణం పెట్టాలో దులిపెయ్యాలో తెలీలేదు. మా ఆయన కోసం పోశావా అని వచ్చీరాని హిందీలో అడిగాను. ఆవిడ నన్ను పురుగుని చూసినట్టు చూసింది. ఆవిడది కూడా వచ్చీరాని హిందీయే.

"నీ భర్తకి నేనెందుకు పోస్తాను? ఇంట్లో నువ్వు లేవు. ఆపేవాళ్ళు లేరు. నా కొడుక్కి పోశాను."

తలుపేసుకుంది.

ఆ నీళ్ళు అక్కడికెలా వచ్చాయో నాకు ఇప్పటికీ తెలీదు. నాకు తెలిసిన పరీక్షలేవీ పనికిరాలేదు. ఖాళీ చెయ్యమని మళ్ళీ అనలేదు, ఉండమనీ అనలేదు. హుసేన్ కబురు లేదు. మా ఆయన్ని రోజూ కాసేపు మెట్లెక్కి దిగమన్నాడు డాక్టరు. సాయంత్రాలు ఎక్కుతాడు. ఆ అడుగుల చప్పుడుకి బీబీ పరుగున వచ్చి తలుపు తీస్తుంది. ఆయన్ని చూసి, వేసేసుకుంటుంది.