కృపాదానం సారు బెల్టు

కృపాదానం సారు ఎడమచెయ్యి ఎప్పుడూ ప్యాంటు పట్టుకునే ఉంటుంది. ఆయన బెల్టు పెట్టుకోరు. బెల్టు బిళ్లలో ఇనుముంటుంది. మదనపల్లె కాలేజీలో ఆయన చూసుకునే యంత్రం, కంటికి ఆనని రేణువుల అయస్కాంత గుణాన్ని కొలుస్తుంది. దాని గదిలోకి ఇనుము రాకూడదు.

పుంగనూరు బస్సులో ఒక చెయ్యి కడ్డీకి, ఒక చెయ్యి ప్యాంటుకు. టికెట్టు పళ్ల మధ్య. చర్చిలో అందరూ రెండు చేతులెత్తితే ఆయన ఒకటే ఎత్తుతారు.

"బెల్టు పెట్టుకుంటే ప్రళయమొస్తాదా?" అంటుంది భార్య మార్తమ్మ.

"రాదు మార్తా. యంత్రం అబద్ధం చెప్తాది."

ఆయన దగ్గర పరిశోధన చేసే ఫెబాకు గుమ్మం దగ్గర రోజూ తనిఖీ.

"పిన్నులు?"

"తీసేసినా సార్."

"తాళాలు?"

"బయట్నే ఉండాయి సార్."

"గుండె?"

"అది మెత్తగానే ఉండాది సార్!"

ఒకరోజు ఫెబా జింక్ ఆక్సైడ్ పొడిని కొలిచింది. అయస్కాంతానికి లొంగకూడని పొడి లొంగింది. తెర మీద గీత హార్స్‌లీ కొండెక్కినట్టు లేచింది. విభాగం పెద్ద వీణ మేడమ్ మైసూరుపాకు పంచి, కుప్పం సదస్సులో ఫెబా మాట్లాడుతుందని చెప్పేశారు.

సాయంత్రం సారు మెల్లగా అడిగారు. "పొడి దేంతో తీసినావమ్మా?"

"స్టీలు స్పూన్‌తో సార్..."

ఇద్దరూ ఐస్‌క్రీం పుల్లతో కొత్త పొడి తీసి మళ్లీ కొలిచారు. గీత చాప పరిచినట్టు పడుకుంది. కొండంత ఎత్తూ స్పూను నుంచి రాలిన ఇనుప నలుసుది.

ఇంకొక తప్పు జరిగితే పరిశోధన మానుకొమ్మని మేడమ్ అంతకుముందే ఫెబాతో అన్నారు.

"రేపు ఏం ముఖం పెట్టుకొని చెప్పేది సార్?"

సారు ప్యాంటు పట్టుకుని బస్సుకు వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున ఫెబా వచ్చేసరికి ఆయన మేడమ్ ముందు నిలబడి ఉన్నారు. నడుముకు కొడుకు ఇవాన్ బెల్టు. బిళ్ల మీద సింహం తల.

"నిన్న దీంతోనే లోపలికి పోతిని మేడమ్. కొలత చెడింది. తప్పు నాది."

మేడమ్ సింహాన్ని చూశారు. దాని పక్కనే ప్యాంటును గట్టిగా పట్టుకున్న ఎడమచేతిని చూశారు.

"బెల్టుండాది గదా సార్. ఇంక ప్యాంటుకు చెయ్యి యాల?"

సారు తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నారు. ఫెబాకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వులోనే నిజం బయటపడింది.

"స్పూను మేడమ్. నాదే తప్పు."

మేడమ్ ఊపిరి వదిలారు. "కుప్పంలో నోరు తెరవకముందే తేలింది, బతికిపోతిమి. ఆడ ఈ స్పూను సంగతే చెప్పు పో."

సారు బెల్టు విప్పి, గుమ్మం బయట తాళాల పక్కన పెట్టి, ఎడమచేత్తో ప్యాంటు పట్టుకుని యంత్రం గదిలోకి నడిచారు.